ద్రాక్షారామం కాదు, ద్రాక్షతోటలు

పెళ్ళయి ఇరవై ఏళ్ళు నిండబోతున్నాయి, రెండు రోజులు మనిద్దరమే ఎక్కడికైనా పోయి వద్దామా అని కట్టుకున్న ఇల్లాలితో అనడానికి మగవాడికి ఎన్నాళ్ళు పట్టవచ్చు? నాకు పదకొండు రోజులు పట్టింది. క్లాసులో నలభైమంది పిల్లల ముందు వరూధినీ ప్రవరుల సంవాదం గంటసేపు తడబడకుండా చెప్పగలవాణ్ణి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఈ ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. నోరు తెరవబోయేసరికి ఎవరో ఒకరు ఉంటారు. అమ్మ ఉంటుంది. పాలవాడు ఉంటాడు. అబ్బాయికి లెక్క రాదు, అమ్మాయికి చున్నీ కనపడదు. ఎవరూ లేరనుకుంటే కుక్కరు ఉంటుంది. చివరికి పదకొండోనాడు, మేడమీద ఆరేసిన బట్టలు తీస్తుండగా చెప్పాను.

"మనిద్దరమేనా? ఎందుకూ?" అంది మా ఆవిడ.

ఆ "ఎందుకూ" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే నెల గడిచింది. టిక్కెట్లూ బసా మాట్లాడుకోవడం ఒక పూట పని. మధ్యతరగతి ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఊరికి వెళ్ళడానికి కావలసింది డబ్బు కూడా కాదు, కారణం. ఆ కారణం నలుగురికీ వినిపించేలా చెప్పదగినదై ఉండాలి.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని రొమాంటిక్ వీకెండ్ అంటారు. తెలుగు చెప్పి బతుకుతున్నవాణ్ణి గనక దీనికి తెలుగేమిటా అని కాసేపు తల గోక్కున్నాను. మా పాఠాల్లో రొమాంటిక్ అంటే కాల్పనిక కవిత్వం, భావకవిత్వం, కృష్ణశాస్త్రిగారు. వీకెండ్ అంటే వారాంతం. అది పత్రికలవాళ్ళ మాటే గాని ఇళ్ళల్లో ఎవరూ అనరు. మనకు శనివారం ఒంటిపూట భోజనం, ఆదివారం తలంట్లు, అంతే. రెండూ కలిపి "కాల్పనిక వారాంతం" అంటే, ఎక్కడో సాహిత్య సదస్సు జరుగుతోందనుకుని మా డిపార్టుమెంటువాళ్ళు వెంట బయలుదేరగలరు. కొత్త దంపతులకైతే మధుచంద్రమని ఒక మాట కల్పించి పెట్టారు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళ ప్రయాణానికి మాత్రం తీర్థయాత్ర అనే పేరొక్కటే ఉంది.

అంతకన్నా చిక్కు వెళ్ళదలచుకున్న చోటుతో వచ్చింది. నేను అనుకున్నది నాసిక్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు. అక్కడ ద్రాక్షరసాన్ని పులియబెట్టి వైన్ చేస్తారు. తోటలమధ్యే బసలు కట్టారు. పొద్దున్నే తోటలో నడవవచ్చు, సాయంత్రం అరుగుమీద కూర్చుని గంగాపూర్ జలాశయంలో సూర్యుడు దిగిపోవడం చూడవచ్చు. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే బాగానే ఉంటుంది. కాని "వైన్" అన్న మాట ఇంట్లో అనాలి గదా! మన ఊళ్ళల్లో "వైన్స్" అని బోర్డున్న దుకాణంలో అమ్మేది ముప్పాతికపాలు బ్రాందీ, విస్కీ. ఆ దుకాణం ముందునుంచి నడవవలసి వస్తే ఆడవాళ్ళు అవతలి వైపుకు దాటుతారు. పాపం ఆ మాట మన దేశానికి వచ్చి చెడిపోయింది.

అందుకని అమ్మతో, "నాసిక్ వైపు ద్రాక్షతోటలు చూడడానికి వెళదామనుకుంటున్నాం" అన్నాను.

అమ్మకు ఈమధ్య కొంచెం చెముడు. "ద్రాక్షారామమా? పొద్దున్న వెళ్ళి భీమేశ్వరుణ్ణి చూసి భోజనాలవేళకు రావచ్చు గదరా. దానికి రెండు రోజులెందుకు?" అంది.

మేముండేది రాజమహేంద్రవరంలో. ద్రాక్షారామం మాకు ఆ పక్కనే. ఆ ఊళ్ళో ద్రాక్ష లేదు, ఎప్పుడూ ఉన్నట్టూ లేదు. అది దక్షారామం. దక్షుడి పేరు జనం నోట్లో నాని ద్రాక్ష అయింది. శ్రీనాథుడు భీమేశ్వరపురాణంలో చెప్పింది దక్షవాటిక గురించే. తమాషా ఏమంటే, గోదావరి కింది కొసన పేరులో ద్రాక్ష ఉంది, పండు లేదు. అదే గోదావరి పై కొసన, అది పుట్టిన కొండకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, కనుచూపు మేర ద్రాక్షే. ఈ సంగతి తట్టాకే నాకు నాసిక్‌మీద మనసు పడింది. మా ఊళ్ళో రోడ్డు కం రైలు వంతెన, 1974లో కట్టింది, రెండున్నర కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంత నదిని పిల్లకాలువగా చూడాలంటే నాసిక్ వెళ్ళాలి. అక్కడ పంచవటిలో రామకుండం దగ్గర ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డువాళ్ళను పేరుపెట్టి పిలవవచ్చు. పుష్కరాల సంబంధం కూడా ఉంది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు గోదావరి పుష్కరాలు, వాళ్ళకు సింహస్థ కుంభమేళా. 2015లో వచ్చాయి, 2027లో మళ్ళీ. ఆ సంవత్సరం ఏకాంతం కోరి నాసిక్ వెళ్ళే దంపతులు ఎవరైనా ఉంటే వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

మనవాళ్ళకు నాసిక్ కొత్త ఊరేమీ కాదు. షిరిడీ వెళ్ళిన ప్రతి కుటుంబమూ మర్నాడు నాసిక్, త్రయంబకం చుట్టి వస్తుంది. మేమూ పోయాం. తొమ్మండుగురం ఒక బండిలో. దారిపొడుగునా ఇటూ అటూ పందిళ్ళమీద ద్రాక్ష పాకి ఉంటుంది, ఎవరం చూడలేదు. చూసిందల్లా మధ్యాహ్నం అన్నం ఎక్కడ దొరుకుతుందనే.

ఇక తోటల సంగతి. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ, శీతకాలపు రాత్రి గజగజలాడే చలి. పండులో తీపీ పులుపూ రెండూ నిలవడానికి ఈ తేడా కావాలి. మనం తినే గింజలేని ద్రాక్ష అక్కడ ఎప్పటినుంచో విస్తారంగా పండుతోంది. వైన్ ద్రాక్ష వేరు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజ. కాలిఫోర్నియాలో ఉద్యోగం మానుకుని వచ్చిన రాజీవ్ సామంత్ అనే ఇంజనీరు గంగాపూర్ ఆనకట్ట దగ్గర తమ కుటుంబపు భూమిలో 1990ల్లో ఆ రకాలు నాటాడు. 2000లో మొదటి సీసా బయటికి వచ్చింది. తల్లి పేరు సులభ, అందులోంచి తీసి కంపెనీకి సూలా అని పెట్టుకున్నాడు. (ఈ సంగతి చెబితే మా అమ్మ, "కనిపెంచిన తల్లి పేరు సారా సీసామీద వేస్తాడుట్రా?" అని బుగ్గలు నొక్కుకుంది.) మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ఈ పరిశ్రమకు ప్రోత్సాహకాలు ప్రకటించింది. ఆమీద గంగాపూర్ చుట్టూ, దిండోరి వైపూ ఒక్కొక్కటే లేచాయి. మన బందరు లడ్డూకు ఉన్నట్టే ఇప్పుడు నాసిక్ లోయ వైన్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది.

ఊరి పేరుతో మద్యాన్ని పిలవడం మనకు తెల్లవాళ్ళు నేర్పిందని ఎవరైనా అంటే నమ్మకండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం తీసి చూడండి. ద్రాక్షరసంతో చేసినదాన్ని మధువు అన్నాడు. పుట్టిన చోటునుబట్టి కాపిశాయనమనీ హారహూరకమనీ పేర్లు చెప్పాడు. సంస్కృతంలో మృద్వీక అంటే ద్రాక్ష, దాన్నుంచి మార్ద్వీకం. ఆసవం, సీధువు, మైరేయం, వారుణి, ఇలా నిఘంటువు నిండా ఉన్నాయి. నేను ఇరవై ఏళ్ళుగా వీటికి అర్థాలు చెప్పి మార్కులు వేస్తున్నాను. కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు చెబుతాం. కొబ్బరికాయ పగలగొట్టాలి, అరటిపండు తోలు ఒలవాలి, ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు. పాఠం బాగానే చెబుతాను గాని, ద్రాక్ష తీగ ఎలా ఉంటుందని ఓ పిల్ల అడిగితే ఫోనులో బొమ్మ చూపించాను.

ఎప్పుడు వెళ్ళాలన్నది అసలు పేచీ. దీంట్లో ద్రాక్షకూ మాకూ పొసగలేదు. ఫ్రాన్సులో అయితే చలికాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, సెప్టెంబరులో పండు కోస్తారు. మన వేడికి తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురిస్తూనే ఉంటుంది, అదుపాజ్ఞలు లేకుండా రెండుసార్లు కాస్తుంది. అందుకని రైతు రెండుసార్లు కత్తిరించి ఒక్క పంటే తీసుకుంటాడు. ఏప్రిల్లో కత్తిరిస్తే కొమ్మ వస్తుంది. వానలు వెళ్ళాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ కత్తిరిస్తే గుత్తి వస్తుంది. జనవరినుంచి మార్చిదాకా కోత. అంటే దసరా సెలవుల్లో వెళితే మోడులు చూసి రావాలి. వేసవి సెలవుల్లో వెళితే మళ్ళీ మోడులే, పైగా ఎండ. వానాకాలం ఆకు పచ్చగా ఉంటుంది, కొండలమీద జలపాతాలుంటాయి, పండు ఉండదు. పండు ఉండే మూడు నెలల్లో సంక్రాంతి ఉంది, అమ్మాయికి ఇంటర్ పరీక్షలున్నాయి, నాకు పేపర్లున్నాయి. గోదావరి జిల్లాలో సంక్రాంతికి ఇల్లు వదిలి వెళ్ళిన కొడుకు మళ్ళీ ఇంట్లో అడుగుపెట్టడం కష్టం. అక్కయ్యా బావగారూ పిల్లలతో వస్తారు. మిగిలింది ఒకే ఒక్క సందు. కనుమ, ముక్కనుమ వెళ్ళాక జనవరి ఆఖరి వారం.

అదీ శని, ఆదివారాలు కాదు. శని, ఆదివారాలు బొంబాయివాళ్ళవి. వాళ్ళకు నాలుగు గంటల దారి, కార్లేసుకుని దిగుతారు. ఆ రెండు రోజులూ ఆ తోటల్లో మనిషిని మనిషి తోసుకోవాలి. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంనుంచి పోయేవాళ్ళం, మాకు వారాంతం దేనికి? మంగళ, బుధవారాలు చాలు. గది అద్దె కూడా తక్కువ. తక్కువంటే, ఒక రాత్రి బసకు మా ఇంట్లో పదిహేను రోజుల సరుకులు వస్తాయి. మా ఆవిడ ఆ లెక్క వెంటనే వేసింది. నేను జవాబు చెప్పలేదు. కొన్ని లెక్కలకు జవాబు చెప్పకపోవడమే మంచిది.

సెలవు చీటీలో కారణం రాసే గడి ఉంటుంది. "స్వకార్యం" అని రాశాను. రాసి, పాత చీటీలు జ్ఞాపకం చేసుకున్నాను. ఇరవై ఏళ్ళల్లో స్వకార్యమని పెట్టిన సెలవులన్నీ మేనల్లుడి ఒడుగుకీ, ఎవరి ఆసుపత్రికో, ఎవరి రిజిస్ట్రేషనుకో వెళ్ళాయి. ఆ మాటకు మొదటిసారి దాని అర్థం దొరికింది.

మా ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారామీద తిరగబడ్డప్పుడు ఆవిడకు పదేళ్ళు. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. ఆ గాలి జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండేళ్ళకే సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. మా అత్తగారు కూడా సారా ప్యాకెట్లు తెచ్చిన జీపుకు అడ్డం నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకరు. ఆవిడ తమ్ముడు సారావల్లే పోయాడు. అందుచేత వైన్ అని నేనన్నప్పుడు మా ఆవిడ నవ్వలేదు. అదీ ఇదీ ఒకటి కాదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. అయినా తెలియడం వేరు, పదేళ్ళ వయసులో మేనమామను మంచంమీద చూడడం వేరు. నేను వాదించలేదు.

రెండు రోజులు ఊరుకుని ఆవిడే చెప్పింది. "తోట చూస్తాను. ఆ పీపాలూ అవీ చూస్తాను. నేను ముట్టను. మీకు రుచి చూడాలని ఉంటే చూడండి, కాని నా ఎదురుగా చూడండి. నన్ను గదిలో కూర్చోబెట్టి వెళ్ళి చూసిరావద్దు."

ఇంతకన్నా సరైన షరతు నాకు తోచలేదు. ఒప్పుకున్నాను.

తాగనివాళ్ళకు అక్కడ ఏముందని అడగవచ్చు. చూడవలసింది చాలా ఉంది. పొద్దున్నే చల్లగా ఉండగానే గుత్తులు చేత్తో కోస్తారు. నలిపి, మనిషికి రెండింతల ఎత్తు ఉక్కు తొట్లలో పోస్తారు. ఈస్టు పండులోని చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. నల్లద్రాక్ష లోపలి రసం కూడా చాలా రకాల్లో తెల్లగానే ఉంటుందని నాకు చదివిందాకా తెలియదు. తోలుతో కలిపి పులియబెడితే ఎర్రవైన్, తోలు తీసేస్తే తెల్లవైన్. నురగ కక్కే రకానికి సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతి ఒకటుంది. ఎర్రదాన్ని కొంతకాలం ఓక్ చెక్క పీపాల్లో మాగబెడతారు. మా ఇంట్లో ఆవకాయ జాడీ మూడోనాడు కలిపి, మూత గుడ్డ కట్టి, తడి చెయ్యి తగలనివ్వని అమ్మకు ఇదంతా చెబితే, వాళ్ళకంటె ఆవిడే ఎక్కువ ప్రశ్నలు వేసింది. కోతల రోజుల్లో వచ్చినవాళ్ళచేత తొట్టిలో ద్రాక్ష కాళ్ళతో తొక్కించే వేడుక కూడా ఉందని నోరుజారి చెప్పాను. అక్కడ మాత్రం ఒప్పుకోలేదు. "తినే పండును కాళ్ళతోనా! లక్ష్మీదేవి ఉంటుందా ఇంట్లో?" అంది. మా ఆవిడ కూడా అటే చేరింది. ఆ వేడుక మా పట్టికలోంచి కొట్టేశాం.

అమ్మ ఇంత పట్టుబట్టే మనిషి గదా, ఆవిడ మంచం పక్క గూట్లో ఏముంటుందో చెప్పాలి. ద్రాక్షారిష్టం. భోజనమయ్యాక రెండు చెంచాలు, సమానంగా నీళ్ళు కలిపి. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు వేసి, కుండకు మూత మూసి పులియబెట్టి తీసేదే గదా అది! అందులో దానంతటది పుట్టిన ఆల్కహాలు ఉంటుందని సీసామీదే అచ్చువేస్తారు. వైన్‌లో ఉండేది నూటికి పన్నెండు, పదమూడు వంతులు. ఇందులో అంతకంటె తక్కువ. ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని మేమిద్దరం చర్చించుకున్నాం. డెబ్భై రెండేళ్ళ మనిషి, జీర్ణం బాగుంది, నిద్ర బాగుంది. ఎందుకు చెప్పడం?

ఇంతలో బావగారికి ఈ ప్రయాణం సంగతి తెలిసింది. ఆయన మంచివాడు. ఆయనతో వచ్చే కష్టమల్లా ఆ మంచితనమే. ఫోను చేసి, "నాసికా? త్రయంబకేశ్వరం ఎలాగూ చూస్తారు గదా. మేమూ వస్తాం. పన్నెండు సీట్ల బండి మాట్లాడుకుందాం. అత్తయ్యగారిని కూడా తీసుకుపోదాం, జ్యోతిర్లింగ దర్శనం, పుణ్యం. షిరిడీ కూడా కలుపుదాం," అన్నాడు. పది నిమిషాల్లో ఇద్దరం తొమ్మండుగురమయ్యాం. నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పాలంటే, నాకు కొంచెం ఊరట కూడా కలిగింది. దేవుడి పేరు వచ్చాక ఇంక ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కరలేదు. బండి ఎక్కి కూర్చుంటే చాలు. మధ్యలో ఒక గంట ద్రాక్షతోట చూద్దామంటే ఎవరూ కాదనరు.

ఆ రాత్రి మా ఆవిడతో అదే అన్నాను. త్రయంబకం అని చెప్పి బయలుదేరదాం, అందరికీ బాగుంటుంది అని.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "త్రయంబకేశ్వరుడు నాకు పరాయివాడా? ఆయన్ని చూడాలని ఉంటే ఆయన కోసమే వెళతాను. మనకోసం వెళుతూ ఆయన్ని అడ్డం పెట్టుకోవద్దు. తిరుపతి ఆరుసార్లు వెళ్ళాం. శ్రీశైలం మూడుసార్లు. షిరిడీ సరేసరి. ఒక్కసారి మీరూ నేనూ పక్కపక్క సీట్లలో కూర్చున్నామా? నేను పిల్లల సంచులతో వెనక, మీరు డ్రైవరు పక్కన ముందు. మొన్న మేడమీద మీరు అడిగినప్పుడు ఎందుకూ అన్నాను గదా. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఒక పొద్దున్న లేచి ఎవరికీ కాఫీ కలపకుండా కూర్చోవాలని ఉంది. పిల్లల సంగతీ, అత్తయ్యగారి మందుల సంగతీ, పాలవాడి లెక్కా తీసేస్తే మీతో మాట్లాడ్డానికి నా దగ్గర ఇంకేమన్నా ఉందో లేదో నాకు తెలియదు. అది చూసుకోవాలని ఉంది. భయంగా కూడా ఉంది."

నాకూ భయం వేసింది. లేకపోతే తొమ్మండుగురి బండి అనగానే ఊరట ఎందుకు కలుగుతుంది?

ఆ దారిన మనకంటె ముందు వెళ్ళిన దంపతులు సీతారాములు. పంచవటిలో పర్ణశాల కట్టుకున్నారు. గోదావరి ఒడ్డు, పూలచెట్లు, లేళ్ళు. కాని లక్ష్మణస్వామి వెంట ఉన్నాడు. శూర్పణఖ చెప్పకుండా వచ్చింది. చుట్టాల బాధ ఆ ఊరికి త్రేతాయుగంనుంచీ ఉన్నట్టుంది, ఆ ఊరి పేరే ఆ తగువులో తెగిన ముక్కుమీద వచ్చిందంటారు. ఇది క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. ఆ రాత్రి మా ఆవిడ కూడా నవ్వింది. కాని మర్నాడు బావగారికి ఫోను ఎవరు చెయ్యాలన్నది తేలలేదు.

చేసింది అమ్మ. మా మాటలు ఎంతవరకు విన్నదో తెలియదు. చెముడు అన్నాను గాని, ఆవిడకు వినవలసినవి వినిపిస్తూనే ఉంటాయి. పొద్దున్నే అల్లుడికి ఫోను కలపమని అమ్మాయికి చెప్పి, "బాబూ, సంక్రాంతికి వచ్చినవాళ్ళు వెంటనే వెళ్ళిపోకండి. ఇంకో వారం ఉండండి. వీళ్ళిద్దరూ ఊరికి వెళుతున్నారు, నాకు తోడు కావాలి. జ్యోతిర్లింగాలు ఎక్కడికీ పోవు," అంది. అత్తగారు తోడు కావాలంటే గోదావరి జిల్లా అల్లుడు కాదనగలడా?

తరవాత నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "మీ నాన్నగారూ నేనూ కాశీ వెళ్ళాం, నీకు జ్ఞాపకముందా? నువ్వు పసివాడివి. పదకొండుమందిమి. రైల్లో ఆయన మగాళ్ళవైపు కూర్చుని చీట్లాడారు. సత్రంలో ఆడవాళ్ళం ఒక గది, మగవాళ్ళు ఒక గది. గంగలో కొంగుముడి వేసి స్నానం చేయించారు చూడూ, అప్పుడొక్కసారి ఆయన నా పక్కన నిలబడ్డారు. అదీ పంతులుగారు తొందరపెడుతున్నాడు," అంది. అని ఊరుకుంది. కోపంగా చెప్పలేదు, దుఃఖంగానూ చెప్పలేదు. కొత్తిమీర కాడలు తుంచుతూ చెప్పింది. మా నాన్నగారు పోయి పదేళ్ళయింది. ఆయన్ని గురించి ఇలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

ఇక ప్రయాణం వివరాలు. సరదాపడే దంపతులు ఎవరైనా ఉంటే పనికివస్తాయి. ఇక్కడినుంచి రాత్రి బండికి సికింద్రాబాదు, అక్కడ మధ్యాహ్నం దేవగిరి ఎక్స్‌ప్రెస్. నిజామాబాదు దాటాక బాసర దగ్గర ఆ బండి గోదావరి దాటుతుంది. నాందేడ్ కూడా గోదావరి ఒడ్డే. ఔరంగాబాదు, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్, మన్మాడ్ మీదుగా తెల్లవారకముందే నాసిక్ రోడ్‌లో దించుతుంది. స్టేషనుకూ ఊరికీ పది కిలోమీటర్ల దూరం. స్వెట్టర్లు తప్పనిసరి, జనవరి తెల్లవారుజాము అక్కడ మన తెల్లవారుజాములా ఉండదు. మహారాష్ట్రలో వైన్‌కు ఇరవై ఒకటో ఏడు నిండాలి. మాకు ఆ ఇబ్బంది లేదు. రుచి చూపించేచోట గ్లాసులో కొద్దిగా పోస్తారు. తిప్పి, వాసన చూసి, ఒక గుక్క పుక్కిట పట్టాలి. మింగకుండా ఉమ్మివేసినా మర్యాదే, దానికి పాత్ర కూడా పెడతారు. ఈ ఒక్క సంగతికి మా ఆవిడ ఆశ్చర్యపోయింది, డబ్బిచ్చి కొని ఉమ్మివెయ్యడం ఏమిటని.

మొదటి రోజు తోటలోనే. ఎక్కడికీ కదలం. రెండో రోజు పొద్దున్న త్రయంబకం వెళతాం. దేవుడి కోసమే వెళతాం, తోట పేరు చెప్పుకోకుండా. బ్రహ్మగిరి మెట్లు ఎక్కగలిగినంత ఎక్కి, మా ఊరి నది అక్కడ ఎంత ఉందో చూడాలని నా కోరిక. సాయంత్రం తిరుగుబండి.

అమ్మాయి ఒక ఆజ్ఞ జారీ చేసింది. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టకూడదట, చుట్టాలందరూ వ్యాఖ్యానాలు రాస్తారట. ఫొటో ఎవరు తీస్తారని మా ఆవిడ అడిగింది. ఇద్దరమే గదా, ఎవరో ఒకరు బయట ఉండాలి. ఫోను చెయ్యి చాచి పట్టుకుని ఇద్దరూ పడేలా తీసుకోవడం పిల్ల రెండుసార్లు నేర్పింది. మొదటిసారి నా చెవి, ఆవిడ నుదురు వచ్చాయి.

అమ్మ రాగిచెంబు ఒకటి తోమి బల్లమీద పెట్టింది, కుశావర్తంలో నీళ్ళు తెమ్మని. మూత వదులుగా ఉందని, రైల్లో బట్టలన్నీ తడుస్తాయని మా ఆవిడ దాన్ని పట్టుకుని ఇత్తడిసామాను కొట్టుకు వెళ్ళింది. ఇంకా రాలేదు.